చెయ్యెత్తని రోజు

మైకు సెట్టు వాళ్ళింట్లో పుట్టినవాడికి పగిలిన శబ్దం పడకూడదు. మా నాన్నకు పామర్రు సెంటర్లో మైకు సెట్టు, షామియానాల కొట్టు ఉండేది. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ, వినాయకుడి పందిళ్ళకీ, దర్గా ఉర్సులకీ, పార్టీ మీటింగులకీ ఆయన సెట్టే వెళ్ళేది. మా ఇంట్లో తండ్రిని అబ్బా అంటాం. విజయవాడలో ఇంజనీరింగులో చేరాక బయటివాళ్ళ దగ్గర నాన్న అనడం అలవాటు చేసుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే కలం మీదికీ అదే వస్తోంది. నేను చెప్పబోయే తప్పు అక్కడే మొదలైందేమో.

చిన్నప్పటినుంచీ ఆ సెట్టు దగ్గర నా పని ఒక్కటే, చెయ్యెత్తడం. యాంప్లిఫయరు పక్కన కూర్చున్నవాడికి చివరి వరసలో ఎలా వినపడుతోందో తెలియదు. అందుకని జనం వెనకాల సొంత మనిషి ఒకడు నిలబడాలి. అరచెయ్యి విప్పి పైకెత్తితే బాగుందని. పిడికిలి బిగించి ఎత్తితే శబ్దం పగులుతోంది, తగ్గించమని. మిగతావాళ్ళు ఎవరు మెచ్చుకున్నా నాన్న లెక్కచేసేవాడు కాదు. "జనానికి పాట వినపడుద్దిరా, సెట్టు వినపడదు. సెట్టు వినపడేది మనకే" అనేవాడు. పెళ్ళికొడుకు తండ్రి వచ్చి బ్రహ్మాండంగా ఉందన్నా సరే, ఆ మనిషి భుజం మీదుగా నా చేతి కోసమే చూసేవాడు.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. శబ్దం పగిలిందంటే ఏదో ఒక బాక్సులో స్పీకరు కాగితం చిరిగి ఉంటుంది. ప్రోగ్రాం ఆపకుండానే అదేదో కనిపెట్టాలి. ఒక్కో బాక్సు దగ్గరికీ వెళ్ళి, వంగి, చెవి ఆనించి వినేవాడు. ఎడమ చెవి అప్పటికే మందగించింది. ఏళ్ళ తరబడి మైకు హారన్ల కిందే పడుకున్న ఫలితం. కుడి చెవి మాత్రం పాము చెవి. ఆ చెవి తమ్మె పట్టుకుని ఊపుతూ, "పొలం లేదు, పుట్రా లేదు, మన ఆస్తి ఇదే" అని నవ్వేవాడు.

అలాంటి ఇంట్లోంచి వెళ్ళి నేను అరుపుల పాటల్లో పడ్డాను. మెటల్ అంటారట వాటిని, హాస్టల్లో ఒక సీనియరు కంప్యూటర్లో మొదటిసారి విన్నాను. డ్రమ్ములు రేకుల మీద వడగళ్ళ వాన పడ్డట్టు పడుతున్నాయి. పాడేవాడు గొంతుతో కాక కడుపుతో పాడుతున్నాడు. మాట ఒక్కటీ అర్థం కాలేదు. కానీ నన్ను పట్టేసింది అది కాదు, గిటారు. ఆ గిటారు వాయించేవాడి కాళ్ళ దగ్గర చిన్న పెట్టె ఉంటుందట, దాన్ని తొక్కితే శబ్దం పగులుతుందట. కావాలనే, డబ్బు పెట్టి ఆ పెట్టె కొనుక్కుని మరీ పగలగొడతారట. పగిలిన శబ్దం వినపడితే చాలు పిడికిలి ఎత్తడం నేర్చినవాణ్ణి నేను. దాన్ని ఎవరో అంత దర్జాగా వాయిస్తుంటే ఒళ్ళు ఝల్లుమంది. అప్పటినుంచీ అదే లోకం. జుట్టు పెంచాను, రెండు నల్ల బనియన్లు కొన్నాను, ఇంటికి వెళ్ళేటప్పుడు రెండింటినీ హాస్టల్లో దాచి వెళ్ళేవాణ్ణి.

మూడో సంవత్సరంలో నాకూ, నా ముగ్గురు ఫ్రెండ్సుకీ ఒక పిచ్చి పట్టింది. విజయవాడలో మెటల్ కచేరీ పెట్టాలి. బెంగుళూరు నుంచి రెండు బ్యాండ్లు, హైదరాబాదు నుంచి ఒకటి, విశాఖపట్నం నుంచి ఒకటి వస్తామన్నాయి. అందరికంటే ముందు మా కాలేజీ బ్యాండు వాయిస్తుంది. దానికి వచ్చిందే మూడు పాటలు. కళ్యాణమండపం ఒకటి మాట్లాడాం. దాని ఓనరుగారు ఎలాంటి కచేరీ అని అడిగితే మావాడు ఒకడు బుద్ధిలేక కేసెట్ పెట్టి వినిపించాడు. ఆయన అర నిమిషం విని, "బాబూ, ఇక్కడ శుభకార్యాలు జరగాలయ్యా" అని లేచి వెళ్ళిపోయాడు. చివరికి మాలో ఒకడి తండ్రికి ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంటే, ఆదివారం పని ఉండదు కాబట్టి అది ఇచ్చారు.

షెడ్డు దొరికింది, సౌండు దొరకలేదు. ఆ ఆదివారం మంచి ముహూర్తం, ఊళ్ళో సెట్లన్నీ పెళ్ళిళ్ళకు పోయాయి. నలుగురం షెడ్డు ముందు టీ తాగుతూ తలలు పట్టుకున్నాం. అప్పుడు నేనే అన్నాను.

"పామర్రులో ఒకాయన ఉన్నాడు. పెద్ద సెట్టు. అడిగి చూస్తాను."

ఒకాయన. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది. మిగతా ముగ్గురి తండ్రుల్లో ఒకరు డాక్టరు, ఒకరు కాంట్రాక్టరు, ఒకరికి ఈ షెడ్డుంది. మా నాన్నది ఎలక్ట్రానిక్స్ బిజినెస్ అని మొదటి ఏడాదే చెప్పేశాను. అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పందిట్లో తాడు కట్టి, నిచ్చెనెక్కి హారను బిగించే మనిషిని వాళ్ళకు మా నాన్నగా చూపించడానికి నాకు సిగ్గేసింది. అంతకు మించి ఏ కారణమూ లేదు.

ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి నాన్నకు ఇంగ్లీషు ఆర్కెస్ట్రా అని చెప్పాను. "నువ్వు మా అబ్బావని వాళ్ళకు తెలియనీకు. తెలిస్తే కిరాయి తగ్గించమంటారు" అన్నాను.

నాన్న పెద్దగా నవ్వాడు. "తెలివి మీరిపోయావురోయ్. బిజినెస్ వచ్చేసింది నీకు" అన్నాడు. నా మాటను ఆయన నమ్మాడు, పైగా గర్వపడ్డాడు.

ఆదివారం పొద్దున్నే మినీ లారీలో సెట్టు దిగింది. పెళ్ళికి వచ్చినట్టు ఇస్త్రీ తెల్ల చొక్కా వేసుకుని, సెంటు పూసుకుని వచ్చాడు. ఒక చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీ ఉంది. మేం నలుగురం గుమ్మంలో నిలబడి ఉన్నాం. నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"నమస్కారమండీ బాబుగారూ. బాక్సులు ఎటు పెట్టమంటారండీ?"

కళ్ళల్లో నవ్వుంది. మా ఇద్దరికే తెలిసిన నాటకం ఆయనకు సరదాగా ఉంది. నన్ను బేటా అని తప్ప పిలవని మనిషి, బాబుగారూ అన్నాడు. "ఆ వైపు పెట్టండి" అన్నాను నేను, ఎటో చూస్తూ. నా ఫ్రెండ్సు ముందు బాక్సు ఒక చివర పట్టుకుంటే అలవాటు బయటపడుతుందని, ఆ బరువులన్నీ ఆయనా లారీ డ్రైవరూ మొయ్యడం చూస్తూ నిలబడ్డాను.

మధ్యాహ్నానికి నూటయాభై మంది దాకా వచ్చారు. గుంటూరు నుంచి, ఏలూరు నుంచి, మచిలీపట్నం నుంచి కూడా వచ్చారు. ఇలాంటి పాటలు వినేవాళ్ళు కృష్ణా జిల్లాలో నాతో కలిపి నలుగురే అనుకునేవాణ్ణి. అందరూ నల్ల బనియన్లే. పక్క టీ బడ్డీ ఆయన, "ఎవరు పోయారు బాబూ?" అని అడిగాడు.

నాన్న సెట్టుకు ఒక ఆచారం ఉంది. ఏ ఫంక్షనైనా సరే, మొట్టమొదట నాదస్వరం కేసెట్ ఒక పాట వేశాకే మిగతాది. నమాజు మానినా మానేవాడేమో గానీ అది మానేవాడు కాదు. ఆ రోజూ వేశాడు. లారీ షెడ్డులో, గ్రీజు వాసన మధ్య, పుర్రె బొమ్మల బనియన్లేసుకున్న కుర్రాళ్ళ నెత్తిన మంగళవాయిద్యం మొదలైంది.  ఒకటే నవ్వులు, ఈలలు. ఒకడు తాళి కడుతున్నట్టు చేశాడు, ఇంకొకడు అక్షింతలు వేస్తున్నట్టు చేశాడు. నాన్న వాళ్ళ సంబరం చూసి మురిసిపోయి, రెండు చేతులూ జోడించాడు. నేనూ నవ్వాను, వాళ్ళతో పాటు గట్టిగానే నవ్వాను.

తర్వాత మా కాలేజీ బ్యాండు ఎక్కింది. మొదటి దెబ్బకే షెడ్డు రేకులు దడదడలాడాయి. కింద ఇనుప రజను లేచింది. జనం ఒకరినొకరు తోసుకుంటూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు. కిందపడ్డవాణ్ణి నలుగురు కలిసి లేపి మళ్ళీ లోపలికి తోస్తున్నారు. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. ఆ సంతోషం ఎలాంటిదో చెప్పకపోతే నేను చేసింది సగమే చెప్పినట్టవుతుంది. నా జీవితంలో అంత తేలిగ్గా, అంత హాయిగా ఉన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అది అబద్ధం కాదు. అదే సమయంలో షెడ్డులో ఓ పక్కన మా నాన్న పడుతున్న యాతనా అబద్ధం కాదు.

మొదటి గిటారు మోగగానే ఆయన కుర్చీలోంచి దిగ్గున లేచాడు. ఆయన మొహం నాకు కనపడుతూనే ఉంది. సెట్టు పగిలిందనుకున్నాడు. వాల్యూం తగ్గించాడు. స్టేజీ మీద నుంచి పెంచమని అరిచారు. పెంచాడు. ఇంకా పగిలింది. వైరు తీసి పెట్టాడు, ఇంకో వైరు మార్చాడు. తర్వాత ఎప్పుడూ చేసే పనే చేశాడు. జనం వెనకాలకు చూశాడు, నా కోసం.

నేను అక్కడే ఉన్నాను. మా కళ్ళు కలిశాయి. ఏంటి సంగతి అన్నట్టు గడ్డం ఎగరేశాడు. అరచెయ్యి విప్పి పైకెత్తితే అయిపోయేది. బాగుంది, ఇది ఇంతే, కూర్చో అని. ఈ భూమ్మీద ఆ మాట ఆయనకు చెప్పగలిగేది నేనొక్కణ్ణే, చెబితే ఆయన నమ్మేదీ నన్నొక్కణ్ణే. కాంట్రాక్టరుగారబ్బాయి నా భుజం మీద చెయ్యేసి ఉన్నాడు. సరిగ్గా అప్పుడే నా చెవిలో అరిచాడు.

"మామా, ఆ పెద్దాయన్ని చూడు. నిన్నే చూస్తున్నాడేంట్రా? తెలుసా నీకు?"

నేను తల వంచుకున్నాను. వంచుకుని, చుట్టూ అందరూ ఊపుతున్నట్టే జుట్టు మొహం మీద పడేలా తల ఊపడం మొదలుపెట్టాను. మొహం దాచుకోవడానికి ఆ పాటలంత అనువైనవి ఇంకేవీ లేవు.

తలెత్తేసరికి నాన్న కుర్చీలో లేడు. మొదటి బాక్సు దగ్గర వంగి, కుడి చెవి ఆనించి వింటున్నాడు. అది వదిలి రెండోదాని దగ్గరికి వెళ్ళాడు, తర్వాత మూడోదానికి. మొత్తం ఎనిమిది బాక్సులు. ఒక చుట్టు అయిపోయాక మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. విశాఖ బ్యాండు వచ్చింది, హైదరాబాదు బ్యాండు వచ్చింది, బెంగుళూరు వాళ్ళు వచ్చారు. ఒకరిని మించి ఒకరు. నేను చెవులు రెండు చేతులతో మూసుకోవాల్సినంత శబ్దం వస్తున్న బాక్సులకు ఆయన చెవి అంటించి, కళ్ళు మూసుకుని, చిరిగిన కాగితం కోసం వెతుకుతున్నాడు. తెల్ల చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది. మధ్యమధ్యలో జనంలోకి చూసేవాడు. చూసినప్పుడల్లా నేను తల ఊపాను. తర్వాతి పాట అయ్యాక వెళ్ళి చెబుదామనుకున్నాను, ఈ బ్యాండు దిగాక చెబుదామనుకున్నాను. అలా సాయంత్రమైంది.

అంతా అయ్యాక నాన్న మా నలుగురి దగ్గరికి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"క్షమించాలండీ బాబూ. సెట్టు మోసం చేసింది. ఎప్పుడూ ఇలా జరగలేదండీ. కిరాయి వద్దు. మళ్ళీ ప్రోగ్రాం పెట్టుకుంటే చెప్పండి, ఊరికే వచ్చి కట్టించి వెళ్తాను."

"అదేంటి అంకుల్, సౌండ్ సూపర్" అన్నాడు షెడ్డువాళ్ళబ్బాయి. మిగతావాళ్ళూ అదే అన్నారు. నాన్న వాళ్ళ భుజాల మీదుగా నన్ను చూశాడు. నేను నా చెప్పులు చూసుకున్నాను. పెద్దమనుషుల పిల్లలు, మర్యాదకు అంటున్నారు అనుకుని ఉంటాడు. మళ్ళీ నమస్కారం పెట్టి బాక్సులు ఎక్కించుకున్నాడు.

తర్వాతి వారం ఇంటికి వెళితే అమ్మ మొట్టమొదట అడిగింది క్యారేజీ గురించి. "ఇద్దరికీ కలిపి పెట్టాను కదా. నీ వాటా అట్లాగే తిరిగొచ్చింది. మీ అబ్బా ఒక్కడే తిన్నాడంట. నువ్వు తినకుండా ఎక్కడికి పోయావు?" ఏదో చెప్పాను.

వరండాలో ఎనిమిది బాక్సులూ విప్పి ఉన్నాయి. నాన్న ఒక్కో స్పీకరు వెనకాల బల్బు పెట్టి, కాగితంలోంచి వెలుతురు వస్తుందేమో చూస్తున్నాడు. "ఎక్కడా చిరగలేదురా" అన్నాడు. దెయ్యం పట్టిన ఇంటి గురించి చెబుతున్నట్టు గొంతు తగ్గించి చెప్పాడు. "ఆ రోజునుంచీ చెవిలో కీచురాయి దూరినట్టుంది. కుయ్యిమంటా ఉంది, ఆగట్లా."

అప్పుడైనా చెప్పొచ్చు. ఇద్దరమే ఉన్నాం, ఫ్రెండ్సు లేరు, సిగ్గుపడాల్సిన వాళ్ళెవరూ లేరు. కానీ చెప్పాలంటే, ఆ రోజు ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. "తగ్గిపోద్దిలే అబ్బా" అన్నాను.

తగ్గలేదు. ఆ తర్వాత కొన్ని నెలలకు కూచిపూడిలో ఒక నాట్య కార్యక్రమానికి సెట్టు కట్టాడు. అక్కడివాళ్ళు ప్రతి ఏడూ ఆయన్నే పిలిచేవాళ్ళు, గజ్జెల చప్పుడు గొంతును మింగకుండా, గొంతు గజ్జెలను మింగకుండా పెట్టడం ఆయనకే చేతనవునని. నేనూ వెళ్ళాను. చివరి వరస వెనక నిలబడ్డాను. పాట మధ్యలో మైకు కూయడం మొదలుపెట్టింది. సన్నగా, సూదిలా, చెవులు తూట్లు పడేలా. జనమంతా చెవులు మూసుకుని యాంప్లిఫయరు వైపు తిరిగారు. నాట్యం చేస్తున్న అమ్మాయి ఆగిపోయింది. నాన్న మాత్రం కాలు మీద కాలేసుకుని ప్రశాంతంగా కూర్చుని ఉన్నాడు. ఆయనకు వినపడలేదు. నేను పిడికిలి బిగించి రెండు చేతులూ ఎత్తాను. అది చూశాక తగ్గించాడు. తగ్గించి, తనవైపే చూస్తున్న జనాన్ని చూశాడు. అప్పుడు ఆయన మొహం చూడలేక నేను పిడికిళ్ళు దించకుండా అలాగే నిలబడిపోయాను.

విజయవాడలో చెవుల డాక్టరుకు చూపించాం. ముప్ఫై ఏళ్ళ మైకు సెట్టు పనికి ఎవరికైనా ఇలాగే అవుతుంది, ఒక్క రోజులో వచ్చింది కాదు అన్నాడు ఆయన. ఆ మాట పట్టుకుని కొన్నేళ్ళు వేళ్ళాడాను. కానీ ఆ డాక్టరుకు ఆటోనగర్ సంగతి తెలియదు, మేం చెప్పలేదు కదా. ఆ ఏడే నాన్న సెట్టు అమ్మేశాడు. కొనడానికి వచ్చినవాడితో, "బాక్సుల్లో ఏదో దోషం ఉంది, నాకు దొరకలేదు" అని తనే చెప్పి సగానికి సగం తగ్గించి ఇచ్చాడు. షామియానాలు మాత్రం మిగిలాయి. గుడ్డకు చెవులతో పని లేదు కదా అనేవాడు.

నేను ఆ పాటలు మళ్ళీ వినలేదని చెబితే బాగుండేది. విన్నాను, ఇప్పటికీ వింటాను. విన్నప్పుడల్లా బాక్సు మీద చెవి పెట్టి వంగిన తెల్ల చొక్కా కనపడుతుంది.

ఉద్యోగం వచ్చి, పెళ్ళి కుదిరిన ఏడాది, ఒక సెలవు రోజు మధ్యాహ్నం ధైర్యం చేశాను. అప్పటికి నాన్నతో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. ఆ కుడి చెవి దగ్గరే నోరు పెట్టి చెప్పాను. ఆ రోజు సెట్టు పాడవలేదు. ఆ పాటలే అంత, గిటారును కావాలనే పగలగొడతారు. నాకు ముందే తెలుసు.

 కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండుననుకున్నాను. ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది.

"అయితే నా సెట్టు బాగానే ఉందన్నమాట" అన్నాడు. వంటింటి వైపు తిరిగి అమ్మను కేకేశాడు. "విన్నావా, ఆ రోజు సెట్టు పాడవలేదంట. నేను చెప్పలా, కాగితం ఎక్కడా చిరగలేదని?" ఆ మధ్యాహ్నమంతా ఆ మాట నాలుగైదు సార్లు అన్నాడు. వీధిలో పోతున్న షామియానా పనివాణ్ణి ఆపి అతనికీ చెప్పాడు. 

రాత్రి అన్నాలకు కూర్చున్నాం. నాన్న ముద్ద కలుపుతూ ఆగాడు. ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగాడు.

"అవున్రా బేటా, నువ్వు అక్కడే ఉన్నావుగా. చెయ్యెత్తలేదేం?"

అమ్మ గరిటె పట్టుకుని నన్నే చూస్తోంది. నేను నీళ్ళ గ్లాసు అందుకున్నాను. నాన్న తనే జవాబు చెప్పుకున్నాడు.

"ఎత్తే ఉంటావులే. అంత జనంలో నాకే కనపడి ఉండదు."

నేను అవునని తల ఊపాను. ఆయనకు కనపడేలా కొంచెం గట్టిగానే ఊపాను.